బడిలో ఆక్యుపేషనల్ థెరపీ: ధ్రువపత్రం కంటే ముందే అందవలసిన సాయం

అక్షరాలన్నీ తెలిసి కూడా వాటిని రాయలేని పిల్లలు ఒకటో తరగతిలో కనిపిస్తారు. అడిగితే నోటితో చెబుతారు. పలక ముందు పెడితే చేయి సాగదు. కొందరు చొక్కా గుండీలు పెట్టుకోలేరు. కొందరు మధ్యాహ్న భోజనంలో అన్నం కలుపుకోలేరు. మరికొందరు పది నిమిషాలైనా ఒకచోట నిలకడగా కూర్చోలేరు. ఇంట్లోనూ బడిలోనూ ఈ ఇబ్బందులకు బద్ధకమనీ, మొండితనమనీ, అల్లరి అనీ పేర్లు పడుతుంటాయి. వాటి మూలమేమిటో పరిశీలించి, రోజువారీ పనులు ఆ బిడ్డకు సాధ్యమయ్యేలా చేసే ఆరోగ్య వృత్తి ఆక్యుపేషనల్ థెరపీ. మన దేశంలో ఈ సేవ ప్రధానంగా ఆసుపత్రుల్లోనూ, నగరాల్లోని ప్రైవేటు కేంద్రాల్లోనూ లభిస్తోంది. బిడ్డ ఇబ్బంది పడేది మాత్రం తరగతి గదిలో.

పేరులోని చిక్కు

ఈ వైద్య విధానాన్ని తెలుగులో 'వృత్తి చికిత్స' అని అనువదించడం కద్దు. తెలుగులో వృత్తి అనగానే జీవనోపాధి స్ఫురిస్తుంది కనుక, ఐదేళ్ల పిల్లకు వృత్తి ఏమిటన్న సందేహం తల్లిదండ్రులకు కలగడం సహజం. ఇక్కడ 'ఆక్యుపేషన్' అంటే ఉద్యోగం కాదు. మనిషి తన రోజును నింపుకొనే పనులన్నీ. పసివయసులో ఆ పనులు ఆడుకోవడం, తినడం, దుస్తులు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, చదవడం, రాయడం, తోటివారితో మెలగడం. ఫిజియోథెరపీ ప్రధానంగా శరీర కదలికపైనా కండరాల బలంపైనా దృష్టి పెడితే, ఆక్యుపేషనల్ థెరపీ ఒక నిర్దిష్టమైన పనిని బిడ్డ ఎందుకు చేయలేకపోతున్నదని ప్రశ్నిస్తుంది.

ఈ వృత్తికి తొలి సంఘం 1917లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఏర్పడింది. మన దేశంలో కమలా నింబ్కర్ చొరవతో 1950లో ముంబయిలోని కేఈఎం ఆసుపత్రిలో శిక్షణ ప్రారంభమైంది. అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం 1952లో ఏర్పడింది. అదే ఏడాది ఆవిర్భవించిన ప్రపంచ సమాఖ్య వ్యవస్థాపక దేశాల్లో భారత్ ఒకటి. జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం 2021లో ఈ వృత్తికి చట్టబద్ధమైన గుర్తింపునిచ్చింది.

రాత వెనుక ఉన్న శ్రమ

అక్షరం రాయడం చూపు, చేయి, భంగిమ, జ్ఞాపకం కలిసి చేసే పని. సాధారణ ఎదుగుదలలో పిల్లలు చూసి గీయగల ఆకారాలకు ఒక క్రమం ఉంది. సుమారు 3 ఏళ్లకు వలయం, 4 ఏళ్లకు కూడిక గుర్తు, నాలుగున్నర ఏళ్లకు చతురస్రం, 5 ఏళ్లు దాటాక త్రిభుజం గీయగలుగుతారు. ఏటవాలు గీత నిలువు, అడ్డగీతల కంటే ఆలస్యంగా పట్టుబడుతుంది.

తెలుగు లిపిని ఈ క్రమంతో పోల్చి చూస్తే పిల్లల కష్టం అర్థమవుతుంది. మన అక్షరాల్లో అధిక భాగం వంపులే. పెన్సిల్ ఎత్తకుండా దిశ మార్చుకుంటూ పోవాలి. తలకట్టు రెండు ఏటవాలు గీతల కలయిక. గుణింతపు గుర్తులు అక్షరానికి పైనా పక్కనా చేరితే, ఒత్తులు కిందికి దిగుతాయి. 'మ', 'య'ల మధ్యా, 'ద', 'ధ', 'థ'ల మధ్యా తేడా స్వల్పం. ఐదేళ్లు నిండని బిడ్డ చేత రెండు గీతల నోటుపుస్తకంలో పేజీలకు పేజీలు రాయించడం ఆ చేయి సిద్ధం కాకముందే పరీక్ష పెట్టడమవుతుంది. ఇసుకలోనో బియ్యంలోనో వేలితో అక్షరం దిద్దించే పాత అలవాటులో పసిచేతికి ఒక సౌలభ్యం ఉంది. పెన్సిల్ పట్టు కుదరకముందే అక్షరపు నడక చేతికి పరిచయమవుతుంది.

సిద్ధం కావలసిన వయసు దాటినా కొందరికి కదలికల సమన్వయం కుదరదు. డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్‌గా పిలిచే ఈ స్థితి బడి వయసు పిల్లల్లో 5 నుంచి 6 శాతం మందిలో ఉంటుందని అంచనా. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకూ ఈ సేవ అవసరమవుతుంది.

థెరపిస్టు బడిలో ఏం చేస్తారు?

మొదటి పని పరిశీలన. బిడ్డ రాసేటప్పుడు, తినేటప్పుడు, ఆటస్థలంలో, ప్రార్థన వరుసలో ఎలా ఉన్నదో థెరపిస్టు గమనిస్తారు. ఉపాధ్యాయుల మాట, తల్లిదండ్రుల మాట వింటారు. ఆ తరువాత బిడ్డనూ, పనినీ, పరిసరాన్నీ విడివిడిగా బేరీజు వేస్తారు. లోపం ప్రతిసారీ బిడ్డలోనే ఉండదు. బెంచీ ఎత్తు ఎక్కువై కాళ్లు గాలిలో వేలాడుతుంటే శరీరానికి ఆధారం ఉండదు, చేయి నిలవదు. కాళ్ల కింద ఒక పీటో ఇటుకలో ఉంచితే పరిస్థితి మెరుగుపడవచ్చు.

రెండోది లక్ష్య నిర్ణయం. 'చేతివేళ్ల నైపుణ్యం పెరగాలి' అన్నది ఆశ మాత్రమే. 'ఈ టర్మ్ ముగిసేలోగా తన పేరును ఐదుసార్లు రాస్తే నాలుగుసార్లు గీతలు దాటకుండా రాయాలి', 'భోజనం తరువాత కంచం తానే కడుక్కోవాలి' వంటివి కొలవదగిన లక్ష్యాలు.

మూడోది మార్పులు చేయడం. వేళ్ల కొసలతోనే పట్టుకోక తప్పని పొట్టి బలపం ముక్క ఇవ్వడం, బోర్డు నుంచి కాకుండా పక్కన ఉంచిన కాగితం చూసి రాయనివ్వడం, పది వాక్యాలకు బదులు మూడు రాయించి మిగిలినవి నోటితో చెప్పించడం ఇందులోకి వస్తాయి. శబ్దానికి బెదిరే బిడ్డను తలుపు దగ్గర నుంచి దూరంగా కూర్చోబెట్టడం, కదలకుండా ఉండలేని బిడ్డకు నోటుపుస్తకాలు పంచే పని అప్పగించడం కూడా అటువంటివే.

బిడ్డను తరగతి నుంచి వేరే గదికి తీసుకెళ్లి వారానికొక గంట శిక్షణ ఇవ్వడం ఒక పద్ధతి. అక్కడ నేర్చినది తరగతిలోకి రాకపోవడం దాని పరిమితి. కెనడాలోని ఒంటారియోలో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన 'పార్ట్‌నరింగ్ ఫర్ చేంజ్' నమూనా మరో దారి చూపింది. అందులో థెరపిస్టు తరగతిలోనే ఉండి ఉపాధ్యాయులకు మెలకువలు నేర్పుతారు. రోగనిర్ధారణ పత్రం వచ్చేదాకా ఆగవలసిన పని లేదు. థెరపిస్టుల కొరత ఉన్న దేశాలకు ఈ నమూనా ఆలోచించదగినది.

ఆధారాలు ఏమంటున్నాయి?

చేతిరాతను మెరుగుపరిచే పద్ధతులపై అప్పటివరకు వచ్చిన పరిశోధనలను సమీక్షించిన కెనడా పరిశోధకులు 2011లో స్పష్టమైన నిర్ధారణకు వచ్చారు. రాత సాధన లేని చికిత్సలు రాతను బాగు చేయలేదు. వారానికి కనీసం రెండుసార్లు చొప్పున మొత్తం 20 విడతలకు తగ్గకుండా సాధన చేయించినవే ఫలితమిచ్చాయి. పెన్సిల్‌ను మూడు వేళ్లతోనే పట్టాలన్న పట్టుదల కూడా అనవసరం. నాలుగో తరగతి పిల్లలపై 2012లో ప్రచురితమైన అధ్యయనంలో, వాడుకలో ఉన్న నాలుగు రకాల పట్టుల మధ్య రాత వేగంలోగానీ స్పష్టతలోగానీ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఊయలలు, బరువు కోట్లు వంటి సాధనాలతో చేసే ఇంద్రియ ఆధారిత చికిత్సల విషయంలో జాగ్రత్త అవసరం. వాటి ఫలితాలపై పరిశోధన పరిమితంగానూ అసంపూర్ణంగానూ ఉన్నదని అమెరికా బాలవైద్యుల అకాడమీ 2012లో ప్రకటించింది. ఖరీదైన చికిత్సకు ఒప్పుకొనే ముందు ఏ పనిలో, ఎంత కాలంలో, ఏ మార్పు ఆశించవచ్చో తల్లిదండ్రులు అడిగి తెలుసుకోవాలి.

చట్టం ఎంతవరకు తోడు?

అమెరికాలో 1975 నాటి చట్టంతో వైకల్యం గల పిల్లలకు ప్రభుత్వ బడుల్లో ఉచిత విద్య హక్కుగా మారింది. దాని కొనసాగింపుగా వచ్చిన ప్రస్తుత చట్టం ప్రకారం, ప్రత్యేక విద్య నుంచి ప్రయోజనం పొందడానికి ఆక్యుపేషనల్ థెరపీ అవసరమైతే బడి దానిని ఉచితంగా కల్పించాలి. మూల్యాంకనం చేయాలని తల్లిదండ్రులు రాతపూర్వకంగా కోరవచ్చు. వారు సమ్మతించిన నాటి నుంచి 60 రోజుల్లో, లేదా ఆయా రాష్ట్రం నిర్ణయించిన గడువులో అది పూర్తి కావాలి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు గుర్తుంచుకోదగిన వెసులుబాటు ఇది.

భారత్‌లో ఇంత సూటి హామీ లేదు. అయినా ఆధారం లేకపోలేదు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలోని నిర్దిష్ట అభ్యసన వైకల్యాల కింద డిస్‌గ్రాఫియా, డిస్‌ప్రాక్సియా కూడా ఉన్నాయి. సమగ్ర శిక్ష పథకం కింద ప్రత్యేక అవసరాలు గల ఒక్కొక్క విద్యార్థికి ఏడాదికి రూ.3,500 చొప్పున కేటాయింపు ఉంది.

చిక్కు వయసు దగ్గర వస్తుంది. కేంద్రం 2018లో నోటిఫై చేసిన మార్గదర్శకాల ప్రకారం అభ్యసన వైకల్య ధ్రువపత్రం 8 ఏళ్లు, ఆపై వయసు వారికే ఇస్తారు. ఐదేళ్లకే బయటపడిన ఇబ్బందికి మూడేళ్ల నిరీక్షణ అన్నమాట. తాను చేతకానివాడినని బిడ్డ నిశ్చయించుకోవడానికి ఆ మూడేళ్లు చాలు. అయితే అదే చట్టంలోని 16వ సెక్షన్, ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు పొందిన విద్యాసంస్థలు అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన చర్యలు చేపట్టేలా చూడాలని చెబుతోంది. ధ్రువపత్రం రాయితీలకు అవసరం కావచ్చు. బెంచీ ఎత్తు సరిచేయడానికి, రాతపని తగ్గించడానికి దానితో పని లేదు.

ఎవరిని సంప్రదించాలి?

ముందుగా చూపు, వినికిడి పరీక్షలు చేయించాలి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వచ్చే వైద్య బృందాలు అవసరమైన పిల్లలను జిల్లా సత్వర చికిత్స కేంద్రాలకు పంపుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. మేధోపరమైన వైకల్యం ఉందన్న అనుమానముంటే సికింద్రాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగజన సాధికారత సంస్థను సంప్రదించవచ్చు. ప్రైవేటు కేంద్రానికి వెళితే థెరపిస్టుకు ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ ఉన్నదో లేదో చూసుకోవాలి.

బిడ్డ అప్పటికే నేర్చిన మాటను గానీ పనిని గానీ కోల్పోతుంటే, శరీరంలో ఒక పక్కనే వాడుతుంటే, తరచూ పడిపోతుంటే బడిలో మార్పుల కోసం చూడకుండా వెంటనే పిల్లల వైద్యుడికి చూపించాలి. మిగిలిన సందర్భాల్లో ఉపాధ్యాయులు రెండు వారాల పాటు బిడ్డ ఏ పనిలో, ఏ సమయంలో ఆగిపోతున్నదో రాసి ఉంచితే, థెరపిస్టు మూల్యాంకనానికి అది చక్కని ఆధారమవుతుంది.