లాబ్రడూడుల్ కొనాలా.. లాబ్రడార్ కొనాలా? పప్పీకి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి తెలుసుకోండి

హైదరాబాద్: అఫ్జల్‌గంజ్, అబిడ్స్, నాంపల్లి ఏరియాల్లో ఇళ్లు ఇరుకు. ఇంటిల్లిపాదీ ఉండే రెండు గదుల్లోనే కుక్కపిల్లా పెరగాలి. అందుకే ‘జుట్టు రాలదు, అలర్జీ రాదు, జబ్బులు రావు’ అంటూ ఆన్‌లైన్‌లో కనిపించే డిజైనర్ డాగ్స్ ప్రకటనలు ఇట్టే ఆకర్షిస్తాయి. లాబ్రడూడుల్, కాకపూ, మాల్టీపూ.. ఇవన్నీ పూడుల్‌తో వేరే జాతిని కలిపి పుట్టించినవే. మరి ఆ మాటల్లో నిజమెంత?

పేరు పెట్టగానే డిమాండ్

1989లో ఆస్ట్రేలియాలోని గైడ్ డాగ్ సంస్థలో పనిచేసే వాలీ కాన్రన్ లాబ్రడార్‌ను పూడుల్‌తో కలిపారు. హవాయిలోని ఒక అంధ మహిళకు గైడ్ డాగ్ కావాలి. ఆమె భర్తకేమో కుక్కల అలర్జీ. మూడు పిల్లలు పుడితే ఆయనకు పడింది ఒక్కటే. మిగతా రెండింటిని క్రాస్ బ్రీడ్ అంటే ఎవరూ తీసుకోలేదు. ‘లాబ్రడూడుల్’ అని పేరు పెట్టగానే అడిగేవాళ్లు క్యూ కట్టారు. లాభాల కోసం ఎవరు పడితే వాళ్లు బ్రీడింగ్ చేయడం చూసి, ఆ పని చేసినందుకు కాన్రన్ తర్వాత బహిరంగంగానే బాధపడ్డారు.

అలర్జీ రాదా?

గ్యారంటీ లేదు. అలర్జీ తెచ్చే ప్రోటీన్ కుక్క లాలాజలంలో, చర్మపు పొట్టులో ఉంటుంది. జుట్టు రాలకపోయినా అది పోదు. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు పరీక్షిస్తే, ‘అలర్జీ రాదు’ అనే జాతుల వెంట్రుకల్లో ఈ ప్రోటీన్ తక్కువేమీ లేదని తేలింది. పైగా పూడుల్ తరహా జుట్టును రోజూ దువ్వాలి. లేకుంటే ఉండలు కట్టేస్తుంది.

ప్యూర్ బ్రీడ్ అయితే సేఫా?

అదీ కాదు. పగ్‌కు శ్వాస ఇబ్బంది, జర్మన్ షెపర్డ్, లాబ్రడార్‌లకు తుంటి కీలు సమస్య తెలిసినవే. 2013లో కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు 24 జన్యు సమస్యలను పరిశీలించారు. అందులో 10 ప్యూర్ బ్రీడ్‌లలో ఎక్కువ. ఒకటి మిశ్రమ జాతుల్లో ఎక్కువ. మిగతా 13లో తేడానే లేదు.

కారణం సింపుల్. చూపు పోగొట్టే ఒక జన్యు లోపం లాబ్రడార్‌లోనూ ఉంది, పూడుల్‌లోనూ ఉంది. తల్లీతండ్రీ ఇద్దరూ ఆ లోపాన్ని మోస్తుంటే, పైకి ఆరోగ్యంగానే కనిపించినా, పుట్టే ప్రతి పిల్లకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. జాతులు కలిపినంత మాత్రాన అది మాయం కాదు.

కొనే ముందు ఏం అడగాలి?

* చెన్నై కేంద్రంగా ఉన్న కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా గుర్తింపు పొందిన జాతులకే సర్టిఫికెట్ ఇస్తుంది. లాబ్రడూడుల్‌కు ‘కేసీఐ పేపర్స్ ఉన్నాయి’ అంటే నమ్మొద్దు.
* అసలైన కేసీఐ పేపర్ కూడా వంశానికే రుజువు, ఆరోగ్యానికి కాదు.
* 2017 కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.
* తల్లి కుక్కను కళ్లారా చూడండి. తల్లిదండ్రుల కీళ్లు, కళ్ల పరీక్షల రిపోర్టులు అడగండి. చూపించకపోతే బేరం వదిలేయండి.
* ఇంట్లో అలర్జీ ఉన్నవాళ్లుంటే, ముందు ఆ కుక్కతో కాసేపు గడిపి చూడాలి.
* కొన్నాక వ్యాక్సిన్లు వేయించి జీహెచ్ఎంసీ లైసెన్స్ తీసుకోవాలి. ఈ ఏరియాల వాళ్లకు నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాల దగ్గరే.

పేరు ఏదైనా, కుక్క మీతో ఉండేది పదేళ్లకు పైనే. పుట్టుకతో వచ్చిన జబ్బు ఉంటే ఆ పదేళ్లూ దానికి నరకం, మీకు ఆస్పత్రి ఖర్చు. అందుకే బ్రీడ్ పేరు కంటే ముందు తల్లిదండ్రుల ఆరోగ్యం చూడండి.