పన్ను రసీదు నుంచి బీ-ఫారం దాకా: తెలుగు పట్టణాల్లో పురపాలక అభ్యర్థి

తెలుగు పట్టణాలలో ఓటు అడగటానికి ఇంటి గడప తొక్కిన తొలి అభ్యర్థి శాసనసభకు పోటీ చేసినవాడు కాడు, మునిసిపల్ కౌన్సిలరు పదవికి నిలబడినవాడు. మద్రాసు శాసనమండలికి నేరుగా ఓటర్లు సభ్యులను ఎన్నుకొనే పద్ధతి 1920లో మొదలైతే, అంతకు మూడు దశాబ్దాలకు పైగా ముందే కోస్తా పట్టణాలలో పేట పెద్దలు కౌన్సిలు స్థానాల కోసం ఒకరితో ఒకరు తలపడ్డారు. ఆ అభ్యర్థిత్వానికి మూలం ప్రజాస్వామ్య భావన కాదనీ, పన్ను వసూలు అవసరమనీ గుర్తించినప్పుడే దాని తర్వాతి చరిత్ర బోధపడుతుంది.

భీమునిపట్నంలో 1861లోనే పురపాలక సంఘం వెలిసింది. 1865 నాటి మద్రాసు పట్టణాభివృద్ధి చట్టం వచ్చాక, 1866లో గుంటూరు, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు వంటి చోట్ల సంఘాలు ఏర్పడ్డాయి. ఇళ్ల మీద, వృత్తుల మీద, బండ్ల మీద, పశువుల మీద పన్నులు వేసే అధికారాన్ని వాటికి ఇచ్చిన ప్రభుత్వం, పట్టణ పోలీసుల ఖర్చును కూడా వాటి నెత్తినే పెట్టింది. సభ్యులందరూ ప్రభుత్వం నియమించినవారే కనుక అప్పటికి అభ్యర్థి అన్న మాటకే తావు లేదు. 1871 చట్టం ఎన్నికకు వీలు కల్పించినా, ఆ వీలు చాలా ఊళ్లలో కాగితం దాటలేదు.

1882 మే 18న వైస్రాయి రిప్పన్ ప్రభువు వెలువరించిన తీర్మానం ఈ స్థితిని మార్చింది. స్థానిక సంఘాలలో అధికారుల సంఖ్య మూడో వంతుకు మించరాదనీ, వీలైన చోటల్లా సభ్యులను ఎన్నుకోవాలనీ, వాటిని పరిపాలనకు సౌకర్యంగా కాక ప్రజలకు రాజకీయ శిక్షణగా చూడాలనీ అది చెప్పింది. దాని ఫలితంగా వచ్చిన 1884 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం కింద నిర్ణీత మొత్తానికి తగ్గకుండా పన్ను కట్టినవారికి ఓటూ, పోటీ చేసే అర్హతా లభించాయి. వీధిలో దీపం వెలగకపోతే బాధపడే కూలివాడికి కౌన్సిలులో మాట లేదు. మేడ ఉన్న వర్తకుడికీ, ప్లీడరుకూ, భూస్వామికీ ఉంది. ఈ అన్యాయాన్ని ఆనాటి సంస్కరణ గొప్పదనం చాటున దాచటం చరిత్రకారుడికి తగదు.

అయినా ఆ ఇరుకు చట్రంలోనే తెలుగువారు ఎన్నికల రాజకీయాన్ని నేర్చుకొన్నారు. రాజమహేంద్రవరంలో 1880లలో, 'హిందూ' పత్రిక స్థాపకులలో ఒకరైన న్యాపతి సుబ్బారావు పంతులు అనధికార అధ్యక్షుడయ్యారు. అనధికార అంటే కలెక్టరు కచేరీకి చెందని పౌరుడని అర్థం. 1900ల తొలి ఏళ్లలో అదే పీఠం టంగుటూరి ప్రకాశం పంతులుకు దక్కింది. పూటకూళ్లింటి సంపాదనతో తల్లి చదివించిన యువ ప్లీడరు, ఊరి ధనిక వర్గాన్ని ఎదిరించి గెలవటం చిన్న విషయం కాదు. అధ్యక్షుణ్ణి ఓటర్లు కాక కౌన్సిలర్లే ఎన్నుకొనేవారు కనుక అసలు పోటీ వార్డులలో ముగిసేది కాదు. గెలిచిన పది, పన్నెండు మందిని ఎవరు తమ వైపు నిలబెట్టుకొంటారన్నదే తేలవలసిన సంగతి. గెలిచిన సభ్యులు చేజారకుండా ఒకచోట దాచి ఉంచే, ఇప్పుడు క్యాంపు రాజకీయమని పిలుస్తున్న జబ్బుకు బీజం ఈ పరోక్ష ఎన్నికలోనే ఉంది.

అభ్యర్థిత్వం విలువ అందరికంటే స్పష్టంగా తెలిసింది దానిని వదులుకొన్నవారికి. అప్పట్లో గుంటూరు జిల్లాలో ఉన్న చీరాల, పేరాల గ్రామాలను ప్రభుత్వం 1919-20 ప్రాంతంలో కలిపి పురపాలక సంఘంగా మార్చింది. నేతగాళ్లూ రైతులూ ఎక్కువగా ఉన్న ఆ ఊళ్లలో ఏడాదికి సుమారు నాలుగు వేల రూపాయలున్న పన్నుల భారం అనేక రెట్లు పెరిగింది. కుళాయి రాలేదు, మురుగు కాలువ రాలేదు, పన్ను చీటీ మాత్రం వచ్చింది. ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామా చేయగా, ప్రభుత్వం జీతపు అధ్యక్షుణ్ణి పెట్టి సంఘాన్ని నడిపింది. 1921 ఏప్రిల్‌లో గాంధీ అక్కడికి వచ్చారు. ఆ తర్వాత దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన వేలాది జనం ఇళ్లకు తాళాలు వేసి, మునిసిపల్ హద్దు అవతల రామనగర్ పేరుతో పాకలు వేసుకొని, ఎండకూ వానకూ ఓర్చి పదకొండు నెలలు గడిపారు. ఆడవాళ్లు, పసిపిల్లలు, మగ్గాలు, పశువులు అన్నీ ఆ పాకలలోనే. తమ సమ్మతి లేని పన్నుకు తమ ప్రతినిధి ముద్ర పడనివ్వబోమని సామాన్యులు అంత గట్టిగా చెప్పిన సందర్భం తెలుగు పట్టణ చరిత్రలో మరొకటి కనబడదు.

నిజాం రాష్ట్రంలో దారి వేరు. హైదరాబాదులో 1869లో దివాన్ సాలార్‌జంగ్ కాలాన మొదలైన పురపాలన చాలాకాలం అధికారుల చేతిలోనే ఉండిపోయింది. చట్టబద్ధమైన సంఘం 1933 చట్టంతో గాని రాలేదు. ఆంధ్రలో అమలైన 1920 మద్రాసు చట్టాన్నీ, తెలంగాణలోని 1956 చట్టాన్నీ కలిపి 1965లో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం చేశారు.

స్వాతంత్ర్యం తర్వాత వయోజన ఓటు రావటంతో ఆస్తి షరతు తొలగిపోయింది. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఐదేళ్ల గడువునూ, రాష్ట్ర ఎన్నికల సంఘాన్నీ, మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలనూ ఇచ్చింది. ఆ వాటా తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలలోనూ సగానికి పెరిగింది. శాసనసభకు ఇరవై ఐదేళ్లు నిండాలి, వార్డుకు ఇరవై ఒకటి చాలు. అయితే హక్కు పుస్తకంలో ఉన్నంత మాత్రాన ఎన్నిక జరగదు. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2019లో తీరిపోయింది. 2020 మార్చిలో నామినేషన్లు వేసినవారు, కరోనా వల్ల ప్రక్రియ ఆగిపోగా, పోలింగు కోసం 2021 మార్చి 10 దాకా ఎదురుచూడవలసి వచ్చింది. ఆ మధ్యకాలంలో పట్టణాలను ఏలింది ప్రత్యేకాధికారులు, అంటే 1866 నాటిలాగే ప్రభుత్వం నియమించినవారు.

ఇప్పటి అభ్యర్థి బీ-ఫారం కోసం, అంటే పార్టీ తన అధికారిక అభ్యర్థి ఇతడేనని రాసిచ్చే పత్రం కోసం, నాయకుల ఇళ్ల చుట్టూ తిరుగుతాడు, ప్రతిపాదకుడి సంతకం తీసుకొంటాడు, ధరావతు కడతాడు. వీటితోపాటు మునిసిపల్ కార్యాలయం కౌంటరు దగ్గర వరుసలో నిలబడి, ఇంటిపన్ను, నీటిపన్ను బాకీలు తీర్చి, జనం నో డ్యూస్ అని పిలిచే ధ్రువపత్రం సంపాదిస్తాడు. ఓటు హక్కును పన్నుతో ముడిపెట్టిన పాత కట్టుబాటు పోయింది. పట్టణానికి బాకీ పడినవాడు దాని ఖజానాకు కాపలా ఉండరాదన్న నియమం నిలిచింది, నిలవవలసిందే.