గంజాయి గంధము – గంజాయి గుణము

ఉత్తర అమెరికాలో స్కంక్ అను చిన్న జంతువు కలదు. పిల్లి ప్రమాణము, నల్లని మేను, వీపుపై తెల్లని చారలు. శత్రువు సమీపించినచో తోక యెత్తి యొక ద్రవమును చిమ్మును. ఆ దుర్గంధము దినముల తరబడి వదలదు. 1970 తరువాతి దశకమున కాలిఫోర్నియాలో కొందఱు సేద్యగాండ్రు ఆఫ్గనిస్తాన్, కొలంబియా, మెక్సికో దేశముల గంజాయి మొక్కలను సంకరపఱచి యొక క్రొత్త రకమును తీసిరి. దాని ఘాటు వాసనను బట్టి దానికి స్కంక్ అనియే పేరిడిరి. 1980 తరువాత ఆ విత్తనములు హాలండు దేశమును చేరి, అచ్చటినుండి ఐరోపా యంతట వ్యాపించినవి. నేడు ఇంగ్లండులో స్కంక్ అనునది ఒక్క రకమునకే గాక, తీవ్రమైన మత్తు గలిగించు గంజాయి కంతటికిని సామాన్యనామమై యున్నది.

ఈ పేరులో నొక నమ్మకము దాగియున్నది. వాసన యెంత ఘాటుగా నున్న మత్తు నంత తీవ్రముగా నుండునని ఆ నమ్మకము. కొనువాడు ముక్కుతో పరీక్షించును. అమ్మువాడు వాసనను వర్ణించి ధర చెప్పును. ఈ నమ్మకము నిజమా? ఈ ప్రశ్నకు సమాధానము లభించుటకు శాస్త్రజ్ఞులకు నూఱేండ్లకు పైగా పట్టినది. ఆ జాప్యమువలన వైద్యమునకును, శాసనములకును కలిగిన నష్టము స్వల్పము కాదు. ఆ చరిత్ర మన దేశమునందే, కలకత్తా నగరమున ప్రారంభమైనది.

గంజాయి మన దేశమునకు క్రొత్తది కాదు. భంగ యను పేరు అథర్వవేదమున వినబడుచున్నది. సంస్కృత వైద్య గ్రంథములలో దీనికి విజయ యను పేరు కలదు. 1563లో గోవానగరమున అచ్చయిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్టా గ్రంథమున భంగును గూర్చి యొక సంవాదమే యున్నది. తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు వేఱువేఱుగా నున్నట్లే గంజాయిలోను పోతు మొక్కలు, పెంటి మొక్కలు వేఱుగా నుండును. ఆకులను భంగు అందురు. పెంటి మొక్క పూగుత్తులు గంజాయి. ఆ గుత్తులపై నూరు జిగురు చరస్. ఈ జిగురులోనే వాసనయు మత్తును రెండును కలసియుండును. రెండింటిని ఒక్కటిగా భావించుటకు ఇదియే మూలకారణము.

పోతు మొక్కల పుప్పొడి తగిలినచో పెంటి మొక్క విత్తుగట్టి జిగురు తగ్గును. ఈ మర్మము మన రైతులకు చిరకాలముగా తెలియును. వంగదేశమున రాజషాహీ మండలములోని నౌగాఁవ్ ప్రాంతమున, అనగా నేటి బంగ్లాదేశమున, గంజాయి చేలలో పోతు మొక్కలను గుర్తించి పెఱికివేయుటకై ప్రత్యేకముగా నేర్పరులను కూలికి పిలిచెడివారు. స్కంక్ పండించువారు నేడు విద్యుద్దీపముల క్రింద అనుసరించు పద్ధతియు ఇదియే.

ఐర్లండు దేశీయుడైన విలియం బ్రూక్ ఓషానెసీ 1833లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా కలకత్తా చేరెను. 1835లో స్థాపితమైన కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్రాచార్యుడయ్యెను. తరువాతి కాలమున మన దేశమున తంతివార్తల తీగలను వేయించినవాడును ఈయనయే. ఈయన సంస్కృత, పారసీక వైద్య గ్రంథములలోని గంజాయి ప్రస్తావనలను పండితులచే చెప్పించుకొని, మొదట జంతువులపైనను, పిమ్మట రోగులపైనను పరీక్షించి, 1839లో తన ఫలితములను ప్రకటించెను. ధనుర్వాతమున కండరముల బిగువు సడలుటయు, కుక్కకాటు రోగి ప్రాణము నిలువకున్నను బాధ కొంత ఉపశమించుటయు ఆయన వర్ణించెను. 1843లో ప్రకటించిన వ్యాసమున కలకత్తాలోని నలువది దినముల ఆడుశిశువునకు వచ్చిన ఈడ్పులు ఈ మందువలన శాంతించిన వృత్తాంతము కలదు.

కాని ఒక చిక్కు మొదటినుండియు నున్నది. 1838 నవంబరులో కీళ్ళవాతముతో బాధపడుచున్న ముగ్గురు రోగులకు ఓషానెసీ ఒకే గడియలో, ఒకే మోతాదున, అనగా ఒక గ్రెయిను చొప్పున, చరస్ జిగురు నిచ్చెను. రెండు గంటలు గడచునప్పటికి ఒకడు పాటలు పాడుచు, అన్నము మరికొంత పెట్టుమని కేకలు వేయుచుండెను. తక్కిన యిరువురియందు ఏ మార్పును కానరాలేదు. మందు ఒక్కటి, మోతాదు ఒక్కటి, ఫలితములు వేఱు. ఒక సీసాలోని మందునకును మఱియొక సీసాలోని మందునకును బలము సమానమగునని చెప్పుటకు ఏ వైద్యునికిని సాధ్యము కాలేదు.

నల్లమందునుండి మార్ఫీను 19వ శతాబ్ది తొలి దశకములోనే వేఱు చేయబడినది. సింకోనా పట్టనుండి 1820లో క్వినైను లభించినది. ఇవి ఆల్కలాయిడులు, ఆమ్లముతో కలిపిన లవణములై స్ఫటికములుగా ఏర్పడును. స్ఫటికమును తూచవచ్చును, మోతాదు నిర్ణయింపవచ్చును. గంజాయిలోని మత్తుపదార్థమున నత్రజనియే లేదు. అది జిగట నూనె. నీట కరుగదు, స్ఫటికము కాదు. తెలిసిన పద్ధతు లన్నియు దాని యెదుట విఫలమైనవి. 1857లో పెర్సోన్ అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు గంజాయిని నీటితో బట్టీపట్టి, పైకి వచ్చిన సుగంధ తైలమునందే మత్తు కలదని భావించెను. ముక్కును నమ్మి శాస్త్రము త్రోవ తప్పిన ఘట్ట మిది.

ఆ త్రోవ సరిదిద్దినవారు కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములోని వుడ్, స్పివే, ఈస్టర్‌ఫీల్డ్ అను రసాయనజ్ఞులు. వీరు భారతదేశపు చరస్‌ను గ్రహించి, గాలి యొత్తిడి తగ్గించి బట్టీపట్టిరి. టెర్పీనులను గంధద్రవ్యములు తక్కువ వేడిమికే ఆవిరియై ముందుగా వచ్చినవి. మిక్కిలి హెచ్చు వేడిమిలో ఎఱ్ఱని చిక్కని నూనె వచ్చినది. మత్తు గుణము ఈ నూనెది. 1896లో దానికి కానబినాల్ అని పేరిడిరి. గంధము ఒక పాత్రలోను, మత్తు మఱియొక పాత్రలోను చేరిన మీదట రెండును వేఱని తేలినది. ఆ నూనెయు శుద్ధ పదార్థము కాదని, నేడు కానబినాల్ అనబడు శుద్ధ పదార్థమునకు మత్తు స్వల్పమేయని పిమ్మట తెలిసినది. అసలు మత్తుపదార్థము గాలి సోకి కాలక్రమమున మార్పు చెందగా నది ఏర్పడును. నిలువయుంచిన గంజాయి బలహీనమగుట కిదియే కారణము.

ఇదే కాలమున బ్రిటిషు పార్లమెంటులో వచ్చిన ప్రశ్నను పురస్కరించుకొని భారత ప్రభుత్వము 1893లో గంజాయి విచారణ సంఘమును నియమించినది. ఈ సంఘము 1,193 మంది సాక్షులను విచారించి, 1894లో నివేదిక సమర్పించినది. మితముగా సేవించువారికి చెప్పుకొనదగిన హాని కానరాలేదనియు, అతిగా సేవించువారికి హాని కలదనియు, సంపూర్ణ నిషేధము తగదనియు, పన్నులతో అదుపుచేయుట మేలనియు సంఘము తేల్చినది. మితమనగా నెంత? ఆ ప్రశ్నకు తూకము చెప్పగల రసాయనశాస్త్రము నాటికి లేదు.

తూకము చెప్పజాలని మందును వైద్యులు క్రమముగా విడిచిపెట్టిరి. 1932లో బ్రిటిషు ఔషధ సంహితనుండియు, 1942లో అమెరికా ఔషధ సంహితనుండియు గంజాయి తొలగిపోయినది. శాసనములు మాత్రము వేచియుండలేదు. 1925లో జెనీవా ఒడంబడిక, 1937లో అమెరికా పన్ను చట్టము, 1961లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వరుసగా వచ్చినవి. ఏ పదార్థమువలన మత్తు కలుగునో దాని నిర్మాణ మెఱుగకయే లోకము దానిని శాసించినది.

ఆ నిర్మాణము 1964లో ఇజ్రాయేలు దేశమున తేలినది. అంతకుముందే 1940 ప్రాంతమున అమెరికాలో రోజర్ ఆడమ్స్, ఇంగ్లండులో అలెగ్జాండర్ టాడ్ ఈ మార్గమున చాల దూరము నడచియుండిరి. వైజ్మన్ సంస్థలో పనిచేయుచున్న రఫాయేల్ మెఖూలం, పోలీసులు పట్టుకొనిన 5 కిలోల హషీషును అడిగి తీసికొని, బస్సులో తన ప్రయోగశాలకు చేర్చెను. ఆయనయు, ఎహియేల్ గావొనియు కలసి దానినుండి టెట్రాహైడ్రోకానబినాల్ అను పదార్థమును శుద్ధముగా వేఱుచేసి, దాని నిర్మాణమును ప్రకటించిరి. దీనినే సంగ్రహముగా టీ.హెచ్.సీ. యందురు. దానికి వాసన లేదు. పచ్చి మొక్కలో నది ఆమ్లరూపమున నుండి, వేడి తగిలినపుడు కార్బన్ డయాక్సైడును విడిచి మత్తుగుణమును పొందును. 1988లో మెదడునందు ఈ పదార్థ మంటుకొను స్థానము కనుగొనబడినది. 1992లో ఆ స్థానమునకై మన దేహమే తయారుచేసికొను పదార్థము లభింపగా, దానికి మన సంస్కృత శబ్దమైన ఆనందమును చేర్చి ఆనందమైడ్ అని నామకరణము చేసిరి.

ఇక వాసన మాట. గంజాయి గంధములో అధికభాగము టెర్పీనులది. ఇవి గంజాయి సొత్తు కావు. నిమ్మతొక్కలోని లిమొనీన్, మామిడిపండులోని మిర్సీన్, దేవదారు జాతి చెట్లలోని పైనీన్, మిరియములలోను లవంగములలోను ఉండు కారియోఫిలీన్ ఇందును కలవు. కాని స్కంక్ దుర్గంధమునకు ఇవి కారణము కావు. దాని మూలమును 2021లో గాని అమెరికా రసాయనజ్ఞులు వివరింపలేదు. అవి గంధకము కలిసిన పదార్థములు. మిక్కిలి స్వల్ప పరిమాణముననే యున్నను ముక్కు వానిని పసిగట్టును. స్కంక్ జంతువు చిమ్ము ద్రవములోనివియు గంధక పదార్థములే; రెండును థయోలులను ఒకే కుటుంబమునకు చెందినవి. వెనుక కాలిఫోర్నియా సేద్యగాండ్రు ముక్కుతో పెట్టిన పేరు రసాయనశాస్త్రరీత్యా చక్కగా సరిపోయినది. ఆ గంధక పదార్థము మత్తునకు కొలబద్ద మాత్రము కాదు.

గంధద్రవ్యములకు దేహముపై ఏ ప్రభావమును లేదనుటయు సరికాదు. 2008లో కారియోఫిలీన్ మన దేహములోని ఒక కానబినాయిడ్ స్థానమున కంటుకొనునని తేలినది. అది మత్తు గలిగించునది కాదు. 2024లో ప్రకటితమైన ఒక పరీక్షలో లిమొనీన్ ఆవిరి టీ.హెచ్.సీ. వలన కలుగు ఆందోళనను కొంత తగ్గించినది. ఇట్టి పరిశోధన లింకను సాగుచున్నవి. గుణమున కాధారము మాత్రము టీ.హెచ్.సీ. పరిమాణమే. అది ఉల్లాసము, ఆకలి, గుండెదడ, కాలభ్రాంతి, మఱపు కలిగించును. హెచ్చైనచో భయము, మతిభ్రమ కలుగవచ్చును. 2016లో ఇంగ్లండు పోలీసులు పట్టుకొనిన స్కంక్ తరహా గంజాయిలో టీ.హెచ్.సీ. మధ్యమ పరిమాణము నూటికి 14 పాళ్ళు. కానబిడయాల్ అను మత్తులేని సోదరపదార్థము దాదాపు శూన్యము. తీవ్రమైన గంజాయిని నిత్యము సేవించువారికి మానసిక వ్యాధి కలుగు అవకాశము, ఎన్నడును సేవింపని వారికంటె దాదాపు అయిదు రెట్లున్నట్లు 2019లో ప్రకటితమైన ఐరోపా పరిశోధన చెప్పుచున్నది. 1894 నాటి విచారణ సంఘము చూచిన గంజాయి వేఱు, నేటి గంజాయి వేఱు. ఆ నివేదిక వాక్యములను నేటి స్కంక్‌నకు అన్వయించుట యుక్తము కాదు.

మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము పూగుత్తులను, చరస్‌ను నిషేధించి, ఆకును మాత్రము గంజాయి నిర్వచనమున చేర్చలేదు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘము 27 ఓట్లకు 25 ఓట్ల తేడాతో గంజాయిని అత్యంత కఠినమైన పట్టికనుండి తొలగించినది. మన దేశము తొలగింపునకు అనుకూలముగా ఓటు వేసినది. తరువాతను గంజాయి అంతర్జాతీయ నియంత్రణలోనే యున్నది. మన విశాఖ మన్యమున శీలావతి యను పేర దొంగచాటుగా పండించు గంజాయి తోటలను 2021లో పోలీసులు వేలాది ఎకరములలో ధ్వంసముచేసిరి. స్కంక్ వలెనే శీలావతియు ఒక పేరు మాత్రమే. ఒక పొట్లములో టీ.హెచ్.సీ. ఎంత యున్నదో ఆ పేరు చెప్పదు.

ఓషానెసీ మందిచ్చిన కలకత్తా శిశువు కథకు సుమారు 175 ఏండ్ల పిమ్మట కొనసాగింపు లభించినది. సాధారణ మందులకు లొంగని పసిపిల్లల మూర్ఛరోగములకై శుద్ధమైన కానబిడయాల్ ద్రవమును 2018లో అమెరికా ప్రభుత్వము అనుమతించినది. ఆ సీసాపై మిల్లీలీటరున కెన్ని మిల్లీగ్రాములో వ్రాసియుండును. శిశువు బరువును బట్టి వైద్యుడు మోతాదు లెక్కించును. ఓషానెసీ కోరినదియు, ఆనాడు ఆయనకు లభింపనిదియు ఆ లెక్కయే. వీధిలో అమ్ముడుపోవు పొట్లమునందు నేటికిని ఆ లెక్క లేదు. అందున్నవి పేరును, వాసనయు మాత్రమే.