నల్లబల్ల కంటే ముందొచ్చిన కంప్యూటర్

సర్కారు బడికి యంత్రాలు కొనడానికి పైసల్లేవనే మాట ఇవ్వాళ్టిది కాదు. పైసల్లేనిది ఎవరి బడికి అన్నది మాత్రం తారీఖులు వరసగా పెట్టి చూస్తేగానీ తేలదు.

1984లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం పెట్టి సుమారు 250 సెకండరీ, హయ్యర్ సెకండరీ బళ్ళకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లిచ్చింది. ప్రాథమిక బళ్ళల్లో నల్లబల్లే లేదని 'ఆపరేషన్ బ్లాక్ బోర్డ్' మొదలుపెట్టింది 1987లో. కంప్యూటర్ వచ్చిన మూడేళ్ళకి నల్లబల్ల! హైస్కూలు గడప తొక్కే పిల్లలెవరో, మూడో తరగతిలోనే పలక పక్కనబెట్టి పశువుల వెంట పోయే పిల్లలెవరో ఢిల్లీకి తెలియదా?

పోనీ, ఆ రెండో పథకం ఇస్తానన్నదైనా ఎంత? వానకు కురవని రెండు గదులు, ఇద్దరు టీచర్లు, నల్లబల్ల, పటాలు, చార్టులు, కొన్ని ఆటవస్తువులు. అవి లేని బళ్ళల్లోనే మనలో చాలామందిమి అక్షరాలు దిద్దినం. బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి బల్లకు పూసుకున్నది పిల్లలే. అదీ టెక్నాలజీయే అంటాన్నేను, బడ్జెట్‌లో పద్దు లేని టెక్నాలజీ.

అసలు మెలిక గదుల దగ్గరుంది. టీచర్లకూ సామాన్లకూ కేంద్రం డబ్బిచ్చింది. గదులు మాత్రం ఎన్.ఆర్.ఇ.పి., ఆర్.ఎల్.ఇ.జి.పి. నిధుల్లోంచి కట్టుకోమని రాష్ట్రాలకు చెప్పింది. ఆర్.ఎల్.ఇ.జి.పి. అంటే ఏంది? భూమిలేని కూలోళ్ళకు పని చూపెట్టే పథకం. అంటే మాలమాదిగ వాడల కూలి డబ్బుల్లోంచే ఆ వాడ పిల్లల బడిగది లేవాలన్నమాట. కంప్యూటర్లకైతే ఎలక్ట్రానిక్స్ శాఖే తోడు నిలబడింది. జనం నుంచి ఎక్సైజు కింద ఎంత గుంజుతున్నారో అంతైనా వాళ్ళ చదువుకు ఖర్చుపెట్టండని అంబేద్కర్ బొంబాయి శాసనమండలిలో అడిగింది 1927లో. 60 ఏళ్ళ తర్వాతి లెక్క ఇదీ.

తర్వాత 2004లో ఐ.సి.టి. పథకం, 2018లో సమగ్ర శిక్ష వచ్చాయి. సమగ్ర శిక్ష కింద ఒక ల్యాబ్ పెట్టడానికి 6.40 లక్షల దాకా, నడపడానికి ఏటా 2.40 లక్షల దాకా ఇస్తారు. నేర్పే మనిషి జీతం, కరెంటు, ఇంటర్నెట్ అన్నీ ఆ 2.40 లక్షల్లోనే సర్దుకోవాలి. 2023-24 యూడైస్ లెక్కల ప్రకారం పనిచేసే కంప్యూటరున్న బళ్ళు, ప్రైవేటువి కూడా కలుపుకుని, 57.2 శాతం. ఇక ఆ ల్యాబ్ పద్దు వర్తించేది 6 నుంచి 12 తరగతులకే. అయిదో తరగతితో ఆగిపోయే వాడబడికి అది రాదు.