బాలూ తమ్ముడు (ఖతి)

బాలూ తమ్ముడు తెలుగు లిపికి రూపొందించబడిన ఒక లావుపాటి యూనికోడ్ ఖతి (ఫాంటు). ముంబైకి చెందిన ఏక్ టైప్ సంస్థ దీనిని తయారుచేసింది. ఇందలి తెలుగు అక్షరాల రూపకర్తలు మైథిలీ శింగ్రే, ఓంకార్ శెండే. 2016లో ఇది గూగుల్ ఫాంట్స్‌లో చేరింది. పుస్తకపు పాఠ్యాన్ని కూర్చుటకు గాక శీర్షికలు, గోడపత్రికలు, పిల్లల పుస్తకాల అట్టలు వంటి వాటికి ఉద్దేశించిన ఖతి ఇది.

పేరు

రడ్యార్డ్ కిప్లింగ్ రచించిన జంగిల్ బుక్ (1894) కథలలోని ఎలుగుబంటి పేరు బాలూ. మొదటి బాలూ దేవనాగరి ఖతి. దానితో కలిపి మొత్తం తొమ్మిది భారతీయ లిపులకు ఖతులు చేసి, తక్కిన ఎనిమిదింటికి ఆయా భాషలలో సోదరుని పిలిచే మాటను జోడించారు. బెంగాలీలో దా, గురుముఖిలో పాజీ, మలయాళంలో చేట్టన్, ఒడియాలో భాయినా, గుజరాతీలో భాయ్. వీటిలో ఎక్కువ అన్నలే. తెలుగు, తమిళ, కన్నడ ఖతులు మాత్రం తమ్ముడు, తంబి, తమ్మ అయినాయి.

రూపం

గీతలు మిక్కిలి మందంగా, మూలలు మొనదేలక మెత్తగా ఉంటాయి. తెలుగు అక్షరాలు సహజంగానే గుండ్రనివి కనుక ఈ బొద్దుదనం వాటికి చక్కగా నప్పింది. అయితే లావుపాటి తెలుగు ఖతిని గీయుట సులభం కాదు. గీత మందమైన కొద్దీ అక్షరం లోపలి ఖాళీ తగ్గుతుంది, తెలుగులో అక్షర భేదం తరచు ఆ ఖాళీలోనే ఉంటుంది. థ, ధ లకు భేదం లోపలి చుక్క. ఆ చుక్క పూడిపోతే "కథ" కాస్తా "కధ" అవుతుంది (అసలే చాలామంది చేసే తప్పు ఇది). అట్లే "పాఠం" చూపుకు "పారం" కావచ్చు. కావున ఇటువంటి ఖతులను చిన్న పరిమాణంలో వాడరాదు. "రాష్ట్రం", "స్త్రీ" వంటి మాటలలో ఒత్తులు కిందికి దిగుతాయి గనుక రెండు వరుసల శీర్షికకు వరుసల మధ్య ఎడం పెంచుట అవసరం.

వాడుక

తెలుగు డి.టి.పి.లో చిరకాలం వాడిన అలంకార ఖతులలో అధికభాగం యూనికోడ్‌వి కావు. వాటితో కూర్చిన శీర్షికను వేరొక కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనబడేవి. వెబ్ పేజీలో పెట్టాలంటే బొమ్మగా మార్చవలసి వచ్చేది, ఆ బొమ్మలోని మాటలు వెతుకులాటకు అందవు. బాలూ తమ్ముడు వంటి యూనికోడ్ ఖతితో శీర్షిక ఎంత అలంకారంగా ఉన్నా అక్షరాలుగానే మిగులుతుంది. ఇందులో అదే పోలికతో లాటిన్ అక్షరాలు కూడా ఉన్నందున తెలుగు, ఇంగ్లీషు కలిసిన పేర్లకు రెండు ఖతులు వెతకనక్కరలేదు. తెలుగు యూనికోడ్‌ను సరిగా చూపలేని పాత డిజైన్ సాఫ్టువేరులలో మాత్రం ఒత్తులు విడిపోతాయి.

ఎస్.ఐ.ఎల్. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదలైనందున దీనిని వ్యాపార అవసరాలకు సైతం ఉచితంగా వాడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. ఖతిని మాత్రమే విడిగా అమ్మరాదు. మొదటి ఖతిలో ఒకే మందం ఉండగా, తరువాత వచ్చిన బాలూ తమ్ముడు 2లో 400 మొదలు 800 వరకు ఐదు మందాలు ఉన్నాయి. వీటిలో పలుచనివి ఉపశీర్షికలకు, బొమ్మల కింది వ్యాఖ్యలకు పనికివస్తాయి.