పస్కా బల్లమీద గొర్రెపిల్ల ఏది?

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పరిచర్య చేయుచున్న ఒక గ్రామ సంఘములో పరిశుద్ధ గురువారము సాయంకాలమున పస్కా బల్ల ఏర్పాటు చేసితిమి. ప్రభువు తన శిష్యులతో కూర్చుండిన బల్ల ఎట్టిదో సంఘమునకు కన్నులార చూపవలెనని మా కోరిక. పులియని రొట్టెకు నూనె వేయని చపాతీలు, చేదుకూరలకు వేపచిగుళ్లు, ఖర్జూరపు ముద్ద, ద్రాక్షరసము, ఒక పళ్లెములో కాల్చిన ఎముక. ఒక పుస్తకములోని బొమ్మ చూచి అన్నియు అమర్చితిమి. వేపచిగుళ్లు చూచి యువకులు ఉగాది పచ్చడియని నవ్వుకొనిరి. ముందు చాపమీద కూర్చున్న ఒక ముసలి తల్లి మాత్రము నవ్వలేదు.

"అయ్యగారూ, అన్నీ బాగానే ఉన్నాయి గానీ, గొర్రెపిల్ల ఏదండీ?" అని అడిగినది.

"ఆ ఎముకే గొర్రెపిల్లకు గుర్తమ్మా" అంటిమి.

"గొర్రెపిల్లను తినమని గదా దేవుడు చెప్పింది! ఎముక పెట్టమన్నాడా?"

వేదాంత కళాశాలలో చదివి పట్టా పుచ్చుకొన్న మాకు ఆ పూట జవాబు దొరకలేదు. ఈ శతవార్షికోత్సవ సంచికకు వ్యాసము వ్రాయుమని సంపాదక వర్గమువారు కోరినప్పుడు ఆ ప్రశ్నయే మాకు మొదట జ్ఞాపకము వచ్చినది.

నిర్గమకాండము 12వ అధ్యాయము చదువువారికి ఒక సంగతి తేటగా కనబడును. ఆ పండుగ ఇంటి పండుగ. అక్కడ యాజకుడు లేడు, దేవాలయము లేదు, బలిపీఠము లేదు. ఇంటి పెద్దయే గొర్రెపిల్లను వధించును. రక్తము పూయబడునది ఇంటి ద్వారబంధమునకు. పొరుగింటివారితో కలిసి, ప్రయాణమునకు సిద్ధపడినవారై త్వరత్వరగా తినవలెను. అయితే ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయమునకు వచ్చుసరికి నియమము మారినది. పస్కా పశువును ఎవరి ఊరిలో వారు వధింపకూడదు. దేవుడు ఏర్పరచుకొనిన ఒక్క స్థలముననే వధింపవలెను. క్రీ.పూ. 622 ప్రాంతమున యోషీయా రాజు ఈ నియమమునే అమలుపరచెనని రాజుల రెండవ గ్రంథము 23వ అధ్యాయమువలన గ్రహించుచున్నాము. ఇంటి పండుగ యాత్రికుల పండుగ ఆయెను.

ప్రభువు కాలమునకు ఆ యాత్ర ఎంత పెద్దదో జోసీఫసు అను యూదా చరిత్రకారుడు వ్రాసియున్నాడు. ఒక పస్కాకు వధింపబడిన గొర్రెపిల్లలు రెండున్నర లక్షలకు పైగా ఉండెనట. లెక్కలు పెంచి చెప్పుట ఆయనకు అలవాటే గనుక పండితులు దానిని పూర్తిగా నమ్మరు. నీసాను నెల 14వ దినమున మధ్యాహ్నము జనులు జట్లు జట్లుగా దేవాలయ ఆవరణములోనికి గొర్రెపిల్లలను తెచ్చి వధించెడివారు. యాజకులు రక్తమును బలిపీఠము అడుగున పోసెడివారు. తరువాత ఎవరి విడిదికి వారు మాంసమును మోసికొనిపోయి, కాల్చి, రాత్రి పట్టణములోనే తినెడివారు.

క్రీ.శ. 70లో తీతు నాయకత్వమున రోమా సైన్యము యెరూషలేమును ముట్టడించినది కూడ పస్కా దినములలోనే. యాత్రికులతో నిండియున్న పట్టణము చిక్కుపడెను. ఆ వేసవిలోనే దేవాలయము కాలిపోయెను. దాని దీపస్తంభమును సైనికులు మోసికొనిపోవు దృశ్యము రోమా నగరములోని తీతు విజయతోరణముపై చెక్కబడి నేటికిని ఉన్నది.

ఇప్పుడు ఆ తల్లి ప్రశ్నకు వత్తుము. ఒక్క స్థలముననే వధింపవలెనని ధర్మశాస్త్రము. ఆ స్థలమేమో బూడిద. గొర్రెపిల్ల ఎక్కడనుండి వచ్చును? పండుగను మానుకొనవలెను, లేదా గొర్రెపిల్ల లేకయే చేయు మార్గము వెదకవలెను. యూదా బోధకులు రెండవదానిని ఎన్నుకొనిరి. క్రీ.శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నాలో ఆ ఏర్పాటు చూడవచ్చును. కుమారుడు అడుగవలెను, తండ్రి చెప్పవలెను. కడుబీదవానికిని, ధర్మనిధినుండి తీసియైనను, నాలుగు పాత్రల ద్రాక్షారసము ఇయ్యవలెను. ఆనాడు దాసులు నిలువబడి తిందురు, స్వతంత్రులు ఆనుకొని తిందురు గనుక, అందరును ఆనుకొనియే భుజింపవలెను. గమలీయేలు పేర ఒక నియమము కూడ అందున్నది: పస్కా పశువు, పులియని రొట్టె, చేదుకూర, ఈ మూడింటి భావము నోట చెప్పనివాడు పండుగ ఆచరింపనట్టే. ఈ గమలీయేలు పౌలునకు గురువైనవాడా, లేక ఆయన మనుమడా అని పండితులకు వాదమున్నది. మాకు ముఖ్యమైనది వేరు. బలిపీఠము మీద జరుగవలసినది ఇప్పుడు నోటి మాటతో జరుగుచున్నది. పశువు పోయెను, దాని కథ మిగిలెను.

బల్లమీద ఎముక పెట్టు ఆచారము ఆ లోపమును చూపుటకే తరువాత వచ్చినది. ఐరోపా యూదులలో అనేకులు ఆ రాత్రి కాల్చిన మాంసమును ముట్టనైన ముట్టరు. దేవాలయము వెలుపల బలి అర్పించినట్లు కనబడునేమో అని వారి జాగ్రత్త. సమరయులు మాత్రము గెరిజీము కొండమీద నేటికిని ఏటేటా గొర్రెపిల్లలను వధించుచున్నారు. యెరూషలేమును ఒప్పుకొననివారికి యెరూషలేము కూలుట అడ్డు కాలేదు గదా!

దీనివలన మా పొరపాటు మాకు తెలిసినది. మేము ప్రభువు బల్లయని చూపినది ఆయన బల్ల కాదు. ఆయన కాలమున దేవాలయము నిలిచియుండెను. పస్కా బల్లమీద గొర్రెపిల్లయే ఉండెను, ఎముకతో పనిలేదు. కడరాత్రి భోజనము పస్కా భోజనమేనని మొదటి మూడు సువార్తలు చెప్పుచుండగా, యోహాను సువార్త పస్కా ఇంకను రాలేదన్నట్లు చెప్పుచున్నది. రొట్టె, పాత్ర, భోజనానంతరము పాడిన కీర్తన, ఇంతవరకు నిశ్చయముగా చెప్పగలము. మిగిలినదానిలో చాలభాగము దేవాలయము పోయిన తరువాత ఒక జనము తన దుఃఖములోనుండి కట్టుకొనినది. దానిని అడుగక తెచ్చుకొని, మన నాటకమునకు సామగ్రి చేసికొంటిమి.

అంతటితో పోయిన బాగుండును. అదే బల్లను సాకుగా పెట్టుకొని క్రైస్తవులు యూదులను చంపిన చరిత్ర ఉన్నది. కళాశాలలో మాకు నీకయ సభను గూర్చి గంటల తరబడి పాఠములు చెప్పిరి గాని, దీనిని గూర్చి ఒక్క గంటయు చెప్పలేదు. 1144లో ఇంగ్లండులోని నార్విచ్‌లో ఒక బాలుడు చనిపోగా, యూదులే పస్కా కాలమున చంపిరని తరువాత నింద పుట్టించిరి. 1171లో ఫ్రాన్సులోని బ్లువాలో అట్టి నిందమీదనే ముప్పదిమందికి పైగా యూదులను కాల్చివేసిరి. క్రైస్తవ బాలుర రక్తమును పులియని రొట్టెలో కలుపుదురను మాట ఆ పైన చేరినది. రక్తమును తినకూడదని లేవీయకాండము 17వ అధ్యాయము ఆజ్ఞాపించుచుండగా, మాంసమును ఉప్పువేసి రక్తము పిండి వండుకొను జనముమీద ఆ నింద! 1247లో నాలుగవ ఇన్నోసెంటు పోపు అది అబద్ధమని వ్రాసినను అది చావలేదు. 1903లో కిషినేవు పట్టణములో, ఈస్టరు పండుగనాడే మొదలైన అల్లరిలో 49 మంది యూదులు చంపబడిరి.

అట్టి జనుల పస్కా బల్లవద్ద ఒక ఆచారమున్నది. ఐగుప్తు తెగుళ్లను పది పేర్లు చదువునప్పుడు పాత్రలోనుండి పది చుక్కలు తీసివేయుదురు. శత్రువు పడిన బాధవలన మన సంతోషపాత్ర నిండుగా ఉండరాదని దానికి భావము చెప్పుదురు. ఫరో సైన్యము మునిగిన కథను తంబురలతో ఎన్నిమార్లు ప్రసంగించితిమో తలంచుకొని మేము సిగ్గుపడితిమి.

ఈ పండుగ దూరదేశపు సంగతి మాత్రమే కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెములో బెనే ఎఫ్రాయీము అనబడు తెలుగు కుటుంబములవారు, ఒకప్పుడు క్రైస్తవ సంఘములలో ఉన్నవారే, యూదులమని చెప్పుకొని సమాజమందిరము కట్టుకొని పండుగలు ఆచరించుచున్నారు.

మరుసటి సంవత్సరము మేము బల్ల పెట్టలేదు. నిర్గమకాండము 12వ అధ్యాయమును మాత్రము నిదానముగా చదివితిమి. ఆ తల్లికి జవాబు చెప్పుటకు మాకు రెండు సంవత్సరములు పట్టినది. ఆమె గడపమీద కూర్చుండి అంతయు విన్నది.

"అయితే గుడి కాలిన కాడినుంచీ ఆ ఎముకే పెట్టుకుంటున్నారా అయ్యగారూ?"

"అవునమ్మా."

"ఇంకా అడుగుతున్నారా పిల్లలు?"

అడుగుచున్నారని చెప్పితిమి.