హెచ్చరిక భాష – అర్థ నిర్దిష్టత: కృష్ణా డెల్టా అనుభవం

“లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి.” వానాకాలంలో కృష్ణా డెల్టా వాసులు తరచుగా వినే వాక్యమిది. వాక్యార్థానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అవసరమని శాస్త్రకారులు చెప్పారు. ఇక్కడ వ్యాకరణపరమైన ఆకాంక్ష తీరినా శ్రోత ఆకాంక్ష తీరదు. ఏ వీధి లోతట్టు? అప్రమత్తత అంటే సామాన్లు మేడ ఎక్కించడమా, ఇల్లు వదలడమా? ఎప్పటిలోగా? ఈ అస్పష్టతను తొలగించే యత్నాల చరిత్రను ఈ వ్యాసం స్థూలంగా పరిశీలిస్తుంది.

1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. అంతకు ముందు నెలలోనే కలకత్తా తుఫానుకు గురైంది. ఈ నేపథ్యంలో 1865లో కలకత్తా ఓడరేవులో హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. రేవుల సంకేతాలు క్రమంగా 1 నుండి 11 వరకు సంఖ్యలుగా స్థిరపడ్డాయి. తీవ్ర తుఫాను రేవు మీదుగా గానీ అతి సమీపంగా గానీ దాటుతుందని 10వ సంకేతానికి అర్థం. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని 11వది తెలుపుతుంది. సమాచారం అందకపోవడాన్ని కూడా సమాచారంగా మార్చడం ఈ వ్యవస్థ విశిష్టత.

అయితే ఈ సంకేతాలు నావికుల కోసం ఏర్పడినవి. “పదో నంబరు ప్రమాద హెచ్చరిక” అని పత్రికలో చదివిన రైతుకు ప్రమాద తీవ్రత తెలుస్తుంది గాని కర్తవ్యం తెలియదు. గాలివానకు తలుపులు బిగించుకొని ఇంట్లో ఉండడం రక్షణ కావచ్చు. ఉప్పెనకు అదే ప్రాణాంతకం. కనుక ‘తుఫాను’, ‘ఉప్పెన’ పర్యాయపదాలు కావు. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన, తుఫానులకు దాదాపు 10,000 మంది బలయ్యారు. 1980వ దశకంలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా, ఎంచుకున్న తీరప్రాంతాలకు స్థానిక భాషలో హెచ్చరికలు పంపే ఏర్పాటు వచ్చింది. ఎవరికి చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో నిర్ణయించుకోవడం ఇందులోని ముందడుగు.

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు ఒక క్యూసెక్కు. ఇంజనీరుకు ఇది నిర్దిష్టమైన మాట. గుణదల గృహస్థుకు తన గడప దగ్గర నీరెంత వస్తుందో ఇది చెప్పదు. పైగా అప్పుడు నగరాన్ని ప్రధానంగా ముంచినది కృష్ణ కాదు, బుడమేరు. ఒక ఏటి అంకె ఎంత కచ్చితమైనదైనా మరొక ఏటి ప్రమాదాన్ని సూచించలేదు.

కాబట్టి నిర్దిష్టత సంఖ్యలో మాత్రమే లేదు. వక్త, శ్రోతల మధ్య ముందే కుదిరిన అర్థంలో ఉంది. ఏ నీరు, ఏ వీధికి, ఏ వేళకు, ఎంత ఎత్తున, ఎక్కడికి వెళ్లాలి అన్న అయిదు ప్రశ్నలకు జవాబిచ్చినప్పుడే హెచ్చరిక సంపూర్ణ వాక్యమవుతుంది. ఆ వాక్యాన్ని రూపొందించడంలో ఇంజనీర్లతో పాటు తెలుగు భాషా పరిశోధకులకూ బాధ్యత ఉంది.